పార కామ, నీళ్ల పైపు: పారేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పార కామ (పిడి కర్ర) విరిగిందని, నీళ్లు పట్టే మెత్తటి పైపు కారుతోందని రాశావు. రెండూ కొనక్కర్లేదు, ఇంట్లో మూలన పడేసిన సామాను చాలు.

ముందు పార సంగతి. పార కన్నంలో ఇరుక్కున్న కామ ముక్కను నిప్పుల్లో పెట్టి కాల్చేయకు. ఆ సెగకు ఉక్కు మెత్తబడి, అంచు నాలుగు రోజులకే మొద్దుబారుతుంది. ముక్కకు డ్రిల్లుతో రెండు మూడు చిల్లులు వేసి, కన్నం ఇరుకు వైపు నుంచి వెడల్పు వైపుకు ఇనుప ఊచతో కొడితే ఊడొస్తుంది.

కామకు విరిగిన మంచం పట్టె బాగా పనికొస్తుంది. అయితే దాని నారలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా ఉండాలి. నార ఏటవాలుగా పోయి పక్కకు తేలిన చోటే కర్ర విరుగుతుంది. పార దగ్గర ముడి ఉన్న కర్ర అసలు వద్దు. కొసను కన్నం కంటే వెంట్రుకవాసి లావుగా చెక్కి, కన్నం పొడవు దిశలోనే రంపంతో ఒక గాటు పెట్టు. గాటు లోతు కన్నం లోతులో మూడింట రెండు వంతులుంటే చాలు. కామను ఇరుకు వైపు నుంచి దూర్చి, పార కిందికి వేలాడేలా గాలిలో పట్టుకుని, కామ పై కొసను సుత్తితో కొట్టు. పార తన బరువుకు కదలకుండా ఉంటుంది, కర్ర మాత్రం దిగుతుంది. ఇక దిగనన్నప్పుడు బాగా ఎండిన గట్టి చెక్క చీలను గాటులో దిగ్గొట్టు.

వదులైన పారను నీళ్లలో నానబెట్టే అలవాటు మానుకో. కర్ర ఉబ్బినప్పుడు ఇనుము అంచుకు నారలు నలిగిపోతాయి, ఆరాక ముందుకంటే వదులవుతుంది. దానికి బదులు కామకు అవిసె నూనె పట్టించు. నూనె తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి పడేయకు, దానంతటదే అంటుకోగలదు. విప్పి ఆరుబయట ఆరేయి.

ఇక పైపు. పైన టేపు చుడితే నిలవదు, లోపలి నీటి ఒత్తిడి దాన్ని ఎత్తేస్తుంది. చిల్లిపడ్డ చోట అటూ ఇటూ నిటారుగా కోసి ఆ ముక్క తీసేయి. పైపు లోపలి వ్యాసం కంటే ఒక మిల్లీమీటరు లావున్న గట్టి ప్లాస్టిక్ గొట్టం 8 సెంటీమీటర్లు తీసుకుని, అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యి. పైపు కొసల్ని ఒక నిమిషం వేడినీళ్లలో ముంచితే మెత్తబడతాయి. గొట్టాన్ని రెండు వైపులా చెరి 4 సెంటీమీటర్లు దూర్చు. గొట్టం దూరిన చోట పైపు మీద, రెండు వైపులా, పాత సైకిల్ ట్యూబు పట్టీని సాగదీసి రెండు చుట్లు చుట్టి, ఆపైన జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) రెండు చుట్లు వేసి పటకారుతో మెలిపెట్టు. ట్యూబు లేకుండా తీగ కడితే అదే పైపును కోసేస్తుంది.

వంచితే చిటపట పగిలే పైపుకు మాత్రం ఈ శ్రమ దండగ. ఎండకు దాని ప్రాణం పోయినట్టే, ఇవాళ ఇక్కడ అతికితే రేపు మరోచోట పగులుతుంది. నీది ఇంకా మెత్తగానే వంగుతుంటే అతికాక కుళాయి నెమ్మదిగా తిప్పి, పైపు చివర మూసి, ఐదు నిమిషాలు చూడు. అతుకు దగ్గర చెమరిస్తే తీగను ఇంకో అర మెలి బిగించు.