ముందు వైపు ఆయిల్ సీళ్ళు మార్చబోయే మేనల్లుడికి

పటమట,
విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు. అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు తెలియజేయి.

నీ తొలితరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5 కారు కింద నూనె మరకలు పడుతున్నాయనీ, ఇంజను ముందు వైపు, తిరిగే షాఫ్టుల చుట్టూ నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళన్నీ బ్రాడీపేటలో మీ ఇంటి దగ్గరే మార్చాలనుకుంటున్నావనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. అది ఇంటి దగ్గర చేసుకోదగిన పనే. ఒక్క సంగతి మాత్రం మొదటి నుంచి చివరిదాకా మనసులో పెట్టుకో. సీలు పోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు, కానీ అది ఆనుకొని ఉండే షాఫ్టు మీద గీత పడితే ఎంత మంచి సీలు వేసినా నూనె ఆగదు.

ముందుగా నూనె ఎక్కడి నుంచి వస్తున్నదో తేల్చుకో. ఇంజను చల్లారాక శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, అనుమానమున్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, కాసేపు బండి నడిపి చూడు. నూనె పుట్టిన చోట పౌడరు తడిసి చార కనిపిస్తుంది. పైనున్న వాల్వు కవరు ప్యాకింగు కారినా నూనె ముందు వైపుకే జారి, క్రాంకు షాఫ్టు (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్టు) సీలే పోయిందన్న భ్రమ కలిగిస్తుంది. ఈ కారులో వాల్వులను తెరిచే క్యాము షాఫ్టు వెనక అమర్చిన సెన్సారు దగ్గర ఓ-రింగు అనే చిన్న రబ్బరు వలయం ఉంటుంది. వయసైతే అది గట్టిపడి కారడం చాలా మామూలు. మరక ఇంజను వెనక భాగం కింద పడుతుంటే ముందు దానిని చూడు. క్రాంకు గదిలోని ఆవిరులను ఇంజనులోకి తిరిగి పంపే పీసీవీ వాల్వును కూడా ఊడదీసి చెవి దగ్గర ఊపు, లోపల గలగలమనాలి. అది మూసుకుపోతే క్రాంకు గదిలో ఒత్తిడి పెరిగి, కొత్త సీళ్ళ పక్క నుంచి కూడా నూనెను బయటకు నెడుతుంది.

క్రాంకు సీలు ఒకటి, క్యాము సీళ్ళు రెండు కలిపి ఒకేసారి మార్చు. క్రాంకునూ, క్యాములనూ కలిపి తిప్పే టైమింగు బెల్టు ఎలాగూ విప్పుతావు కనుక దానినీ, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరునూ, దానికి దారి చూపే ఐడ్లరునూ, నీళ్ళ పంపునూ కూడా మార్చెయ్యడం మంచిది. నూనె పీల్చిన బెల్టును తుడిచి మళ్ళీ ఎక్కించవద్దు. సీళ్ళు మాత్రం కంపెనీ పార్టు నంబరుతోనే తెప్పించుకో. మా ఆటోనగర్‌లో కొలత చెబితే సరిపోయే సీలు దొరుకుతుంది, కానీ కొలత ఒకటే చాలదు. రబ్బరు ఆ వేడికి తట్టుకునే రకం కావాలి.

క్రాంకు పుల్లీ మధ్యలోనున్న పెద్ద బోల్టును బెల్టు విప్పకముందే వదులు చేసుకో. బండిని అయిదో గేరులో పెట్టి, ఒకరిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమంటే క్రాంకు తిరగకుండా ఆగుతుంది. ఇక్కడే నీ కారు విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. 1991 వరకు వచ్చిన తొలి 1.6 లీటర్ల ఇంజన్లలో కొన్నింటికి క్రాంకు ముక్కు, అంటే పుల్లీ ఎక్కే ముందు కొస, పొట్టిగా ఉంటుంది. పుల్లీ మధ్యభాగంలో నాలుగు గాళ్ళు కనిపిస్తే అది పొట్టి ముక్కు, ఎనిమిది కనిపిస్తే పొడుగు ముక్కు. పొట్టి రకంలో బోల్టు సరిగా బిగించకపోతే పుల్లీని క్రాంకు మీద జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క, అంటే కీ, వదులై, దాని గాడి అరిగి, చివరికి క్రాంకే పనికిరాకుండా పోతుంది. అందుచేత కీని వేలితో కదిపి చూడు, ఏ మాత్రం ఆట ఉండకూడదు. తిరిగి బిగించేటప్పుడు పొట్టి ముక్కుకు 108 నుంచి 117, పొడుగు ముక్కుకు 157 నుంచి 166 న్యూటన్ మీటర్లు. బిగింపు బలాన్ని కొలిచే టార్కు రెంచి అద్దెకైనా తెచ్చుకో. చేతి అంచనా మీద ఈ బోల్టు బిగించడానికి నేను ఒప్పుకోను.

క్యాము పుల్లీ బోల్టులు విప్పేటప్పుడు క్యాము షాఫ్టు మీద ఆరు పలకలున్న భాగాన్ని పానాతో పట్టుకో.

ఇక పాత సీలు తీయడం. స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టి, సీలు పెదవి కింద నుంచి చుట్టూ కొద్దికొద్దిగా లేపుతూ, బలమంతా సీలు మీదనే పడేలా, షాఫ్టుకు ఇనుము తగలకుండా తీయాలి. సీలుకు రంధ్రం చేసి స్క్రూ దించి లాగేవారున్నారు, కానీ ఇనుప పొడి లోపలికి పోతుందని నాకా పద్ధతి నచ్చదు. సీలు రాగానే షాఫ్టును తుడిచి గోరు అడ్డంగా నడుపు. వెలుతురులో మెరుపు గీతలా కనిపించి గోటికి తగలకపోతే భయం లేదు, గోరు ఆగితే అక్కడ గాడి పడినట్టు.

కొత్త సీలు పెదవికీ, షాఫ్టుకూ శుభ్రమైన ఇంజను ఆయిలు రాసి, స్ప్రింగున్న వైపు ఇంజను లోపలికి ఉండేలా, పెదవి మడత పడకుండా వేళ్ళతో కూర్చోబెట్టు. తర్వాత సీలు బయటి అంచుకు సరిపోయే పీవీసీ పైపు ముక్క ఆనించి, చుట్టూ సమానంగా మెల్లగా తట్టుతూ, గూటి అంచుకు సమానమయ్యేవరకు దించు. ఒక పక్క ముందు దిగితే ఆపి సరిచేసుకో. పైపు కుదరకపోతే కొలతలు పంపు, ఇక్కడ లేతు షాపులో రింగు తిప్పించి పంపుతాను.

బెల్టు వేసేటప్పుడు క్యాము పుల్లీల మీద ఐ (I), ఈ (E) అనే ఇంగ్లీషు అక్షరాల గుర్తులు వెనక పలక గుర్తులకు ఎదురుగా రావాలి, ఆ రెండింటి మధ్య బెల్టు పళ్ళు 19 ఉండాలి. స్ప్రింగు బిగువు పట్టాక క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు సవ్యదిశలో తిప్పి, మళ్ళీ లెక్కపెట్టు. ఈ తొలితరం ఇంజన్లలో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కనుక కంగారు పడనక్కరలేదు. ఒక పన్ను తప్పితే మాత్రం బండి సరిగా నడవదు.

రోహిణీ కార్తె ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. చెమట కళ్ళలో పడుతుంటే గుర్తులు చూడలేవు. బండి కింద జాకీని నమ్మకుండా స్టాండ్లు వేసుకో. పాత క్రాంకు సీలు బయటకు రాగానే షాఫ్టును దగ్గరగా ఫొటో తీసి పంపు. గాడి చూసి చెప్పేవరకు కొత్త సీలు ఎక్కించకు.

ఇట్లు,
నీ మామయ్య