సైబర్ టవర్స్ దగ్గర మొదలుపెట్టకు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

హైదరాబాద్ "గ్లోబల్ ఇన్నొవేషన్ హబ్" ఎలా అయిందో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను అమ్మాయీ. బస్సులో ఒకసారి, రాత్రి భోజనమయ్యాక పెన్సిల్ పట్టుకుని ఇంకోసారి. "నిన్నటిదాకా రాళ్లూ రప్పలూ తప్ప ఏమీ లేని చోట ఇవాళ ప్రపంచమే వచ్చి వాలింది" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టేశాను. కోపం తెచ్చుకోకు, అది నేనూ రాసిన వాక్యమే. 1998 నవంబరులో వాజపేయి ఇక్కడ సైబర్ టవర్స్ అనే ఐటీ భవనాన్ని ప్రారంభించినప్పుడు ఒక వారపత్రికకి అచ్చం ఇలాగే రాశాను. రాళ్లు, రప్పలు, అద్దాల మేడ, అల్లావుద్దీన్ దీపం... ఏదీ వదల్లేదు. పక్క వాటాలో ఒక పెద్దాయన ఉండేవాడు. బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, టర్నర్‌గా చేసి రిటైరైన మనిషి. పత్రిక తిరిగిస్తూ, "బాగానే రాశావయ్యా. మరి అప్పటిదాకా మేమంతా ఏం చేస్తున్నట్టు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నీ వ్యాసంలోనూ లేదు.

వాళ్లు చాలానే చేస్తున్నారు. 1962లో క్షిపణుల ల్యాబ్ డీఆర్‌డీఎల్ ఇక్కడికి వచ్చింది. ఆ దశకంలోనే రామచంద్రాపురంలో విద్యుత్ యంత్రాలు చేసే బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో సోవియట్ సాయంతో ఐడీపీఎల్ మందుల కర్మాగారం, 1967లో ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఐఐసీటీ ఇంకా పాతది, 1944లో నిజాం కాలంలో మొదలైన రసాయన పరిశోధన ల్యాబ్. ఇవన్నీ నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో "ప్రభుత్వ రంగ సంస్థలు కూడా" అని వచ్చాయి. ఆ "కూడా" చూసే నాకు చిరాకేసింది.

అయితే ఫ్యాక్టరీ వచ్చిన ఊళ్లు దేశంలో బోలెడున్నాయి. క్వార్టర్సూ, స్కూలూ, క్లబ్బూ కట్టుకుని చాలావరకు అక్కడే ఆగిపోయాయి. ఇక్కడ జరిగింది వేరు. లోపల పని నేర్చుకున్నవాళ్లు కొందరు బయటికొచ్చి రోడ్డవతల సొంత షెడ్డు వేసుకున్నారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి ముందు భాగస్వాములతో కలిసి కంపెనీలు పెట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ మొదలుపెట్టాడు. ఆయన ఒక్కడే కాదు, ఈ ఊళ్లో బల్క్ డ్రగ్స్, అంటే మాత్రల్లోకి వెళ్లే అసలు మందు, చేసే కంపెనీల పుట్టుక తవ్వుతూపోతే చాలాచోట్ల ఐడీపీఎల్ గేటే కనబడుతుంది.

ధైర్యం ఒక్కటే ఉంటే ఇది జరిగేది కాదు, వెనక ఒక చట్టం ఉంది. 1970 పేటెంట్ చట్టం మందుకి పేటెంటు ఇవ్వడం మానేసి, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. అంటే గమ్యం అందరిదీ, దారి మాత్రం కనిపెట్టినవాడిది. అదే మందుకి ఇంకో దారి వెతికే కెమిస్టు ఉంటే చాలు. అలాంటి కెమిస్టులు ఐడీపీఎల్ క్యాంటీన్లో టీ తాగుతున్నారు. నీ వ్యాసంలో ఈ క్యాంటీన్ కావాలి నాకు.

కాబట్టి ఎవరినైనా కలిస్తే "మీ విజయ రహస్యం ఏమిటి సార్" అని అడక్కు. సన్మాన సభలో చెప్పేదే నీకూ చెప్తారు. ఉద్యోగానికి రాజీనామా చేసిన రోజు గురించి అడుగు. ఇంట్లో ఏమన్నారు, ఎవరి బంగారం బ్యాంకులో పెట్టారు, మొదటి షెడ్డుకి అద్దె ఎంత, మొదటి బ్యాచ్ పాడైతే ఏం చేశారు? అప్పుడు కుర్చీలో కాస్త ముందుకి జరిగి మాట్లాడతారు.

ఊరి శివార్లలోని పారిశ్రామికవాడ పటాన్‌చెరుని నువ్వు చివరి పేరాలో "మరోవైపు" అని పెట్టావు. అది మరోవైపు కాదమ్మా, అదే వైపు. ఆ మందుల కంపెనీల వ్యర్థాలే నక్కవాగులోకి పోయాయి, ఆ నీళ్లకే రైతుల పొలాలూ బావులూ పాడయ్యాయి, నష్టపరిహారం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. షెడ్డు కథ చెప్పేటప్పుడే షెడ్డు వెనక కాలువ కథా చెప్పు. చివర్లో తగిలిస్తే పాఠకుడు దాన్ని దిష్టిచుక్క అనుకుని దాటేస్తాడు.

అమీర్‌పేట గురించి నువ్వు అసలు రాయలేదు! మీ తరానికి చిన్నచూపేమో. అక్కడి సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల మధ్య, మైత్రీవనం భవనం ముందు పొద్దున ఏడున్నరకి నిలబడి చూడు. ఇప్పటికీ పాంప్లెట్ చేతిలో పెడతారు, డెమో క్లాస్ ఫ్రీ అని. 1990ల చివర్లో, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న వై2కే భయంతో అమెరికా ప్రోగ్రామర్ల కోసం ఎగబడినప్పుడు, ఇంజినీరింగ్ కాలేజీలో దొరకని పాఠం ఇక్కడ అద్దె గదుల్లో దొరికింది. గదికి నలుగురు, జిరాక్స్ నోట్సు, మెస్ టికెట్లు, ఊళ్లో నాన్న అమ్మిన అరెకరం. అలా వెళ్లినవాళ్లలో కొందరు కాలిఫోర్నియాలోనో డల్లాస్‌లోనో పదేళ్లు చేసి, ఇక్కడ టీములు పెట్టించారు. ఆవిష్కరణ అంటే ఇదేనా అంటావు. కాదు. కానీ ఇది లేకుండా ఆ అద్దాల మేడల్లో కూర్చోడానికి మనుషులు ఎక్కణ్నుంచి వస్తారు?

ఇక రాజకీయ నాయకుల గురించి ఒక్క పేరా చాలు. ట్రిపుల్ ఐటీ, ఔటర్ రింగ్ రోడ్డు, 2008 నాటి శంషాబాద్ ఎయిర్‌పోర్టు, 2015లో స్టార్టప్‌లకి చోటిచ్చే టీ-హబ్ అన్నీ లెక్కలోకి వచ్చేవే. ఘనత ఎవరిదన్న కొట్లాటకి టీవీలున్నాయి, నువ్వు దూరకు.

"గ్లోబల్ ఇన్నొవేషన్ హబ్" అన్న మాట నీ వ్యాసంలో పదకొండుసార్లు వచ్చింది. లెక్కపెట్టాను. ఆ పదకొండు చోట్లా ఆగి ఒకటే అడుగు: ఇక్కడ పుట్టింది ఏమిటి? మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది, అమెజాన్ పెద్ద క్యాంపస్ కట్టింది. మంచిదే, మా మేనల్లుడూ అలాంటి చోటే చేస్తున్నాడు. కానీ అక్కడ రాసిన కోడు మీద హక్కు సాధారణంగా సముద్రం అవతలి కంపెనీదే. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది చూడు, దాని పద్ధతిని ఇక్కడే తయారుచేసుకున్నారు. పెట్టినాయన వరప్రసాద్ రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్. ఉస్మానియా యూనివర్సిటీలో, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చోటు దొరికింది కాబట్టి పని సాగింది. తర్వాత కరోనా టీకా కోవాక్సిన్ ఈ ఊరి నుంచే వచ్చిందంటే నాకు ఆశ్చర్యమేం కలగలేదు. బయటి కంపెనీకి చేసిపెట్టే పనినీ, ఇక్కడే పుట్టిన పనినీ ఒకే మాటలో కలిపేస్తే నీ వ్యాసం కరపత్రం అయిపోతుంది. నాది అలాగే అయింది.

మళ్లీ బాలానగర్‌కి వస్తాను. 1970లో అక్కడ మొదలైన ఎమ్‌టార్ ఇస్రో రాకెట్ ఇంజన్లకి భాగాలు చేస్తుంది. చుట్టూ సందుల్లో చిన్న చిన్న వర్క్‌షాపులు. మా పెద్దాయన ఒకసారి నన్ను వెంటబెట్టుకెళ్లాడు. లేత్ తిరుగుతుంటే వేడెక్కకుండా పోసే కూలెంట్ పాలలా కారుతోంది, ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. తీసిన ముక్కని కుర్రాడు గుడ్డతో తుడిచి మైక్రోమీటర్లో పెట్టి చూశాడు. పెద్దాయన మైక్రోమీటర్ చూడకుండానే, బొటనవేలితో అంచు తడిమి, "ఇంకొంచెం" అన్నాడు. నిజంగానే ఇంకొంచెం తీయాల్సొచ్చింది. 2022 నవంబరు 18న స్కైరూట్ అనే హైదరాబాద్ కంపెనీ వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచింది, దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ పంపిన మొదటి రాకెట్. ఇద్దరు మాజీ ఇస్రో ఇంజినీర్లు ఆ కంపెనీని హైదరాబాద్‌లో ఎందుకు పెట్టారంటే ఎవరి కారణం వాళ్లు చెప్తారు. నాకు మాత్రం ఆ బొటనవేలే గుర్తొచ్చింది. పెద్దాయన అప్పటికే పోయాడు.

కొట్టేసిన ప్రతి దానిపక్కన మార్జిన్లో కారణం రాశాను, చూసుకో. తిరగరాసేముందు ఒకసారి వస్తే బాలానగర్ వెళ్దాం. ఆదివారం వద్దు, ఆ రోజు లేత్‌లు ఆగిపోతాయి. శనివారం పొద్దున్నే రా, టిఫిన్ ఇక్కడే. తెల్ల చున్నీ మాత్రం వేసుకురాకు, నూనె మరకలు పోవు.

ఉంటాను.