ల్యాప్ టైమ్ చూశాక దేశం అడిగారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ ఉంది, ఆన్‌లైన్ రేసింగ్ పోటీల్లో దేశం పేరు చెప్పి పక్కన పెట్టేయడం. అందుకే ఈ వారం ప్రశ్నలు–జవాబులు పేజీ మొత్తం దానికే ఇచ్చేశా.

ప్రశ్న: అన్నా, నేను ఖమ్మంలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నా. మూడేళ్లుగా సిమ్ రేసింగ్ చేస్తున్నా, అంటే కంప్యూటర్ మీదో కన్సోల్ మీదో కారు రేసులు ఆడటం. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్టీరింగ్ వీల్‌ని చదువుకునే టేబుల్‌కి బిగించుకుని, బ్రేక్ గట్టిగా తొక్కితే కుర్చీ వెనక్కి జారిపోతోందని చక్రాల వెనకాల ఇటుకలు పెట్టుకుని ఆడతా. ఈమధ్య ఒక ఆన్‌లైన్ టైమ్ ట్రయల్ పోటీలో, అంటే ట్రాక్‌ని ఒక చుట్టు ఎవరు తక్కువ టైమ్‌లో తిరుగుతారో చూసే పోటీలో, రెండు వారాలు కూర్చుని ఆసియా లిస్టులో 11వ ప్లేస్‌కి వచ్చా, మొదటి 20 మందిని తర్వాతి రౌండ్‌కి తీసుకుంటామన్నారు. ఆ తర్వాత రెండు లైన్ల మెయిల్ వచ్చింది, మీ దేశం అర్హత ఉన్న దేశాల్లో లేదు అని. రిజిస్టర్ చేసుకునేటప్పుడు ఇండియా అని పెడితే తీసుకున్నారు కదన్నా? మనమంటే చిన్నచూపా? డాలస్‌లో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు, వాడి అడ్రస్ పెట్టి ఈసారి ఆడొచ్చా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో ఇటుకల దగ్గర కాసేపు ఆగిపోయా. కుర్చీ ఒక్క అంగుళం జారినా బ్రేకింగ్ పాయింట్ తప్పుతుందని తెలిసి ఇటుకలు వెతుక్కున్న పిల్లాడికి రెండు లైన్ల మెయిల్ పంపడం తప్పే, నీ కోపంలో న్యాయం ఉంది, ముందు ఆ మాట చెప్పి మిగతాది మాట్లాడతా.

రూల్స్‌లో దేశం అన్న మాటకి మూడు అర్థాలుంటాయి. నీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది, నువ్వు కాపురం ఉండేది ఏ దేశంలో, నీ గేమ్ అకౌంట్ ఏ దేశం పేరుతో తెరిచావు. చాలా పోటీలు చూసేది రెండోది, కొన్ని మూడోది కూడా చూస్తాయి. పాస్‌పోర్ట్ చూసి ఆపేవి తక్కువ. నీ మెయిల్‌లో నువ్వు భారతీయుడివి కాబట్టి వద్దు అని ఉందా, ఇండియాలో ఉంటున్నావు కాబట్టి వద్దు అని ఉందా, ఇంకోసారి చదువుకో. బాధ ఒకటే, నాకు తెలుసు, కానీ తిరిగి జవాబు రాసేటప్పుడు ఆ తేడా పనికొస్తుంది.

ఇక ఎందుకు ఆపుతారంటే, చాలాసార్లు అసలు గొడవ ప్రైజ్ దగ్గర ఉంటుంది. ప్రైజ్ ఉన్న పోటీకి ఒక్కో దేశంలో ఒక్కో చట్టం. ఇటలీ సంగతే చూడు, అక్కడ 2001 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఒకటుంది, దాని ప్రకారం పోటీ మొదలవ్వకముందే మంత్రిత్వ శాఖకి చెప్పాలి, ఇచ్చే బహుమతుల విలువకి సరిపడా గ్యారంటీ ముందే పెట్టాలి, పాల్గొనేవాళ్ల డేటా ఉండే సర్వర్ కూడా ఇటలీలోనే ఉండాలి. కెనడాలో క్యుబెక్ అని ఒక రాష్ట్రం ఉంది, అక్కడా పోటీని రిజిస్టర్ చేయించి, ప్రైజ్ విలువలో కొంత శాతం ఫీజు కట్టి, రూల్స్ ఫ్రెంచ్‌లో కూడా పెట్టాల్సొచ్చేది, ఆ బాధ పడలేక ఏళ్ల తరబడి చాలా కంపెనీలు "కెనడా వాళ్లు ఆడొచ్చు, క్యుబెక్ వాళ్లు తప్ప" అని రాసి వదిలేసేవి, 2023 అక్టోబర్‌లో అక్కడి ప్రభుత్వమే ఆ రిజిస్ట్రేషన్, ఫీజు రూల్స్ తీసేసింది. అంటే ప్యారిస్ నుంచో టోక్యో నుంచో పోటీ పెట్టేవాడు దేశానికో లాయర్‌ని పెట్టుకోవాలి, అంత ఖర్చు ఎందుకని తమకి ఎక్కువ సరుకు అమ్ముడుపోయే పదో ఇరవయ్యో దేశాలు రాసుకుని మిగతా ప్రపంచానికి తలుపేస్తాడు. దాన్నే "చట్టపరమైన కారణాలు" అంటాడు. చట్టం ఉన్న మాట నిజమే, కానీ ఆడించొద్దని ఆ చట్టం ఎక్కడా చెప్పదు, ఖర్చు పెట్టి ఆడించు అంటుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇంకో కారణం పూర్తిగా వ్యాపారం. జీటీ అకాడమీ గురించి వినే ఉంటావు, నిస్సాన్, ప్లేస్టేషన్ కలిసి 2008లో మొదలెట్టారు, గ్రాన్ టురిస్మో అనే కారు రేసు గేమ్‌లో గెలిచినవాడికి నిజం రేస్ కారు నడిపే అవకాశం ఇస్తాం అని. మొదటి విజేత స్పెయిన్ కుర్రాడు లూకాస్ ఒర్డోన్యెస్, అప్పటికి ఎంబీఏ చదువుకుంటున్నాడు, మూడేళ్లు తిరిగేసరికి 2011లో ఫ్రాన్స్‌లో జరిగిన లీమాన్స్ 24 గంటల కారు రేసులో తన కార్ల విభాగంలో రెండో స్థానం. అదే 2011లో 90 వేల మందిని దాటుకుని గెలిచిన జాన్ మార్డెన్‌బరో బ్రిటన్ వాడు. వీళ్ల టాలెంట్‌కి దండం పెట్టాల్సిందే, కానీ ఆ ఏళ్లల్లో ఇండియాలో కూర్చుని అంతే టైమ్ కొట్టినవాడు ఎవడైనా ఉంటే వాడికి పోటీలోకి దారే లేదు, ఇండియా పేరు ఆ లిస్టులోకి వచ్చింది 2014లో. 2016 తర్వాత ఆ పోటీయే ఆగిపోయింది. కంపెనీకి ఇక్కడ కార్లో కన్సోళ్లో అమ్ముకోవాలనిపించినప్పుడు మన పేరు లిస్టులో చేరుతుంది, ఆ ఆశ తగ్గగానే పోతుంది, అందులో నీ వేగానికి సంబంధం ఏమీ లేదు. అంతమాత్రాన ప్రపంచమంతా ఇలాగే ఉంటుందనుకోకు. 2020 జూన్‌లో లాక్‌డౌన్ టైమ్‌లో జరిగిన వర్చువల్ లీమాన్స్‌లో, అంటే అదే రేసుని గేమ్‌లో ఆడించినప్పుడు, 50 కార్లు, 200 మంది డ్రైవర్లు, 37 దేశాలు. ఆడించాలని మనసుంటే కుదిరింది.

పెద్దమ్మ కొడుకు అడ్రస్ సంగతి. వద్దు తమ్ముడూ. క్వాలిఫయర్ దాకా ఎవడూ పట్టించుకోడు, వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టినా నడిచిపోతుంది, నువ్వు గెలిచాక మొదలవుతుంది అసలు చెక్కింగ్. పాస్‌పోర్ట్ కాపీ, అడ్రస్ ప్రూఫ్, ట్యాక్స్ ఫారం, నీ పేరు మీద బ్యాంక్ అకౌంట్, ఇవన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. అక్కడ దొరికితే ప్రైజ్ పోవడం ఒక్కటే కాదు, అకౌంట్ బ్యాన్ అవుతుంది, మూడేళ్ల టైమ్‌లు దాంతోపాటే పోతాయి. పైగా ట్యాక్స్ ఫారం మీద సంతకం చేసేది మీ అన్నయ్యో నువ్వో, తప్పుడు అడ్రస్‌తో సంతకం పెట్టి మీ అన్నయ్య వీసాకి ఎసరు తేకండి.

దాని బదులు ఇప్పుడే ఒక పని చెయ్. రిజిస్ట్రేషన్ పేజీలో ఇండియా అన్న ఆప్షన్ కనిపిస్తుందిగా, దాని స్క్రీన్‌షాట్, నీ ర్యాంకు స్క్రీన్‌షాట్ పెట్టి నిర్వాహకులకి మర్యాదగా రాయి. ప్రైజ్ వద్దు, నా టైమ్‌ని లిస్టులో ఉంచండి, నన్ను ప్రైజ్ లేకుండా తర్వాతి రౌండ్ ఆడనివ్వండి అని అడుగు. ప్రైజ్‌కి అడ్డొచ్చే చట్టం ల్యాప్ టైమ్‌కి అడ్డు రాదు. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. కానీ 11వ ప్లేస్ నీది, దాన్ని రాతపూర్వకంగా ఒప్పించుకో, రేపు ఏ టీమ్‌కైనా చూపించుకోవచ్చు.

ప్రశ్న: సార్, వేరే దేశాలదాకా ఎందుకు, మన దేశంలో పెట్టే పోటీల్లోనే "తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకి అర్హత లేదు" అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. బెంగళూరులో మా ఫ్రెండ్ ఆడతాడు, నేను ఉప్పల్‌లో కూర్చుని వాడికి చప్పట్లు కొడతా. ఇదేం లెక్క?

జవాబు: ఇది చాలామందికి కడుపు మండించిన విషయం. తెలంగాణలో 2017లో గేమింగ్ చట్టాన్ని మార్చారు, ఆంధ్రలో 2020లో మార్చారు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ లాంటివాటిని ఆపడానికి తెచ్చిన మార్పులు, అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి కాబట్టి ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ నైపుణ్యం ఉన్న ఆటకి పాత చట్టంలో ఉన్న మినహాయింపు కూడా దాంతోపాటే పోయింది. విచిత్రం ఏంటంటే, రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటే అని 1960ల్లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో వచ్చిందే, దేశమంతా ఇప్పటికీ ఆ తీర్పు చూపించి వాదిస్తారు, పుట్టిన ఊళ్లో మాత్రం దానికి విలువ లేకుండా పోయింది.

మరి కారు రేసు గేమ్‌లో పందెం ఏముంది అంటావు, నిజమే, ఎంట్రీ ఫ్రీ అయి ప్రైజ్ స్పాన్సర్ ఇస్తే అందులో పందెం లేదు. అయినా నిర్వాహకుడు వేరే డబ్బు ఆటల రూల్స్ పేజీ కాపీ కొట్టి అస్సాం, ఒడిశా, తెలంగాణ, ఆంధ్ర అని ఆ వరసంతా దింపేస్తాడు, ఎందుకొచ్చిన గొడవ అని. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ మీద కొత్త చట్టం తెచ్చింది కదా, అందులో డబ్బు పందెం ఆటలు దేశమంతా నిషేధం, ఈ–స్పోర్ట్స్‌ని, అంటే వీడియో గేమ్ పోటీలని, మాత్రం వేరు చేసి గుర్తించారు, పోటీలో చేరడానికి రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకోవచ్చు, ఆటతీరుని బట్టి ప్రైజ్ మనీ ఇవ్వొచ్చు అని స్పష్టంగా ఉంది. కాబట్టి ఇకమీదట ఎవరైనా రేసింగ్ పోటీలో తెలంగాణ వాళ్లు వద్దంటే, ఏ సెక్షన్ కింద వద్దంటున్నారో చెప్పమని అడుగు. అడిగేవాళ్లు లేకే ఆ పాత లైను అలా ఉండిపోతుంది.

ప్రశ్న: 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా ఆటగాళ్లని పక్కన పెట్టారు. స్టీరింగ్ పట్టుకున్న కుర్రాడికీ యుద్ధానికీ ఏం సంబంధం? మీ అభిప్రాయం చెప్పండి. — విశాఖ నుంచి ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: మాస్టారూ, దీని గురించి నాకు నిద్రపట్టనంత ఆలోచన ఉంది. జరిగింది ముందు చెప్తాను. మోటార్ రేసింగ్‌ని నడిపే ఎఫ్ఐఏ 2022 మార్చి 1న, రష్యా, బెలారస్ డ్రైవర్లు జెండా, జాతీయగీతం లేకుండా తటస్థంగా పాల్గొనొచ్చు అంది. ఉక్రెయిన్ మోటార్ రేసింగ్ సంఘం పూర్తిగా ఆపమని అడిగింది, బ్రిటన్ సంఘం తన దేశంలో రష్యా లైసెన్స్ ఉన్నవాళ్లని ఆపేసింది. గేమ్‌ల విషయానికొస్తే, గ్రాన్ టురిస్మో 7 విడుదలైంది ఆ మార్చి 4నే, సోనీ దాన్ని రష్యాలో అమ్మనే లేదు, కొద్ది రోజుల్లో స్టోర్ కూడా ఆపేసింది. అంటే అక్కడి పిల్లాడిని పోటీ నుంచి తీసేశారని ఎవరూ ప్రకటించక్కర్లేదు, గేమే చేతికి రాలేదు. ఇరాన్ వాళ్లకి ఇది అంతకుముందు నుంచే అలవాటు, 2019లో అమెరికా ఆంక్షల పేరుతో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆన్‌లైన్ గేమ్ అక్కడ ఉన్నట్టుండి ఆగిపోయింది.

జెండా తీసేయడం వరకు నాకు సమ్మతమే మాస్టారూ. బాంబులు పడుతున్న ఊళ్లో సెల్లార్‌లో కూర్చున్న ఉక్రెయిన్ కుర్రాడికి ఎదురుగా ఆ జెండా గెలుపు పీఠం ఎక్కితే ఎలా ఉంటుందో మనం ఊహించలేం. కానీ మనిషిని తీసేయడం దగ్గర నా మనసు ఒప్పుకోదు. రష్యాకి చెందిన ఫార్ములా 1 డ్రైవర్ నికితా మాజెపిన్‌ని హాస్ టీమ్ 2022 మార్చి 5న తీసేసింది, తర్వాత యూరప్ ఆంక్షల్లోనూ పేరు పెట్టారు, అతను కోర్టుకెళ్లి 2024 మార్చిలో ఆ ఆంక్షలు కొట్టేయించుకున్నాడు. అతనికి లాయర్లున్నారు. ఇంట్లో కూర్చుని ఆడే పందొమ్మిదేళ్లవాడు ఏ కోర్టుకెళ్తాడు? నువ్వు చేసిన తప్పు ఇదీ అని చూపించకుండా పుట్టిన ఊరు చూసి శిక్ష వేస్తే, వాడు మళ్లీ ఆ ఆట వాళ్లని నమ్ముతాడా. నేనైతే నమ్మను.

ప్రశ్న: నాది ఇండియన్ పాస్‌పోర్ట్, టెక్సస్‌లో ఎంఎస్ చేస్తున్నా. దేశాల మధ్య పోటీ పెడితే నేను ఎవరి తరఫున?

జవాబు: గ్రాన్ టురిస్మో నేషన్స్ కప్ లాంటివాటిలో నీ ప్లేస్టేషన్ అకౌంట్ ఏ దేశందో ఆ దేశం తరఫున కనిపిస్తావు, ఫైనల్స్ దాకా వెళ్తే మిగతా కాగితాలు అడుగుతారు. 2018లో మొనాకోలో ఆ కప్పు గెలిచిన ఇగోర్ ఫ్రాగా పుట్టింది జపాన్‌లో, గెలిచింది బ్రెజిల్ తరఫున. డబ్బు గెలిస్తే మాత్రం అక్కడ నాన్ రెసిడెంట్‌కి 30 శాతం ట్యాక్స్ కోసేది మామూలే, స్టూడెంట్ వీసా మీద ఉన్నావు కాబట్టి ప్రైజ్ తీసుకునే ముందు మీ కాలేజీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడిగి తీసుకో.

ప్రశ్న: నేను కాకినాడలో తొమ్మిదో తరగతి. ఫ్రీ గేమ్స్ ఎక్కువ వస్తాయని నా అకౌంట్ అమెరికా అని పెట్టా. మార్చొచ్చా అంకుల్?

జవాబు: ప్లేస్టేషన్‌లో ఒకసారి పెట్టిన దేశం మార్చడం కుదరదు నాన్నా. మన పక్కన బంగ్లాదేశ్, శ్రీలంక పిల్లలకి ఆ లిస్టులో వాళ్ల దేశమే లేదు, వేరే దేశం పేరు పెట్టుకోక వాళ్లకి గతిలేదు, నీకు ఉంది. మీ అమ్మో నాన్నో పక్కన కూర్చుంటే, ఇండియా అని పెట్టి కొత్త అకౌంట్ తెరువు, పుట్టినతేదీ నిజం రాయి. పాతదానిలో కార్లన్నీ పోతాయని ఏడుపొస్తుంది, తొమ్మిదో తరగతిలో పోయినవి పదో తరగతి సెలవుల్లో మళ్లీ సంపాదించుకోవచ్చు, పాత అకౌంట్ డిలీట్ చేయకు, సరదాగా ఆడుకోవడానికి ఉంటుంది.