కత్తిని ఉల్లిపాయ పక్కన పెట్టినవాడు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఒకసారి బస్సులో, ఇంకోసారి కోపం తగ్గాక. గొర్రెల కాపరి ఆ బొమ్మల కార్డును తిప్పి వెనకవైపు చూశాడని రాశావే, అది బాగుంది. ఇక కోపం సంగతి.

సిటీ నుంచి వచ్చిన సైకాలజిస్టు కార్డులు పరుస్తాడు, కాపరి కత్తి బొమ్మను ఉల్లిపాయ పక్కన పెడతాడు, వెంటనే నీ కథకుడు 'పాపం, అతని బుద్ధి అక్కడిదాకానే ఎదిగింది' అని నిట్టూరుస్తాడు. ఎవరయ్యా నీకు చెప్పింది? కత్తితో ఉల్లిపాయ కోస్తారు కాబట్టి పక్కన పెట్టాడు. కూరగాయలన్నీ ఒక కుప్ప, పనిముట్లన్నీ ఒక కుప్ప అని విడదీయడం మనం బళ్ళో నేర్చుకున్న అలవాటు.

అచ్చం ఇలాంటిదే లైబీరియాలో జరిగింది. మైకేల్ కోల్, జోసెఫ్ గ్లిక్ అనే అమెరికా సైకాలజిస్టులు అక్కడి క్పెల్లే అనే తెగ రైతుల ముందు 20 వస్తువులు పెట్టి, ఒకచోట ఉండాల్సినవి ఒకచోట చేర్చమన్నారు. తిండి, గిన్నెలు, బట్టలు, పనిముట్లు అని వాళ్ళ లెక్క. రైతులేమో కత్తిని నారింజపండుతో, పారను దుంపతో పెట్టారు. ఎన్ని రకాలుగా అడిగినా అంతే, పైగా తెలివైనవాడు ఇలాగే చేస్తాడని జవాబు. చివరికి గ్లిక్ విసిగిపోయి, పోనీ తెలివిలేనివాడు ఎలా సర్దుతాడు అన్నాడు. అప్పుడు చక్కగా నాలుగు కుప్పలు పెట్టేశారు! యూనివర్సిటీలో ఫుల్ మార్కులు పడే జవాబు వాళ్ళ లెక్కలో వెర్రివాడి పని. నీ సైకాలజిస్టుకు ఆ రెండో ప్రశ్న ఎందుకు తోచలేదు? నీకు తోచలేదు కాబట్టి.

నలభై ఏళ్ళుగా నేను పట్టుకు వేలాడుతున్న మాట ఒకటుంది, మిత్రులు విని విని పారిపోతుంటారు. కథలో ఫలానావాడికి తెలివి ఉందని గానీ లేదని గానీ కథకుడు సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎవరి సామాను ముందు పెట్టి అడిగారు, అది రాస్తే చాలు.

ఈ మంకుపట్టు వెనక పాత కడుపుమంట ఉందిలే. మా మేనత్తకు అక్షరం ముక్క రాదు. పదిహేను ఇళ్ళకు పాలు పోసేది. లెక్కంతా వసారా గోడ మీద బొగ్గుతో ఉండేది: సోలకు పొట్టి గీత, తవ్వకు పొడుగు గీత, పొయ్యని రోజుకు సున్నం చుక్క. నెలాఖరున గోడ వంక ఒక్కసారి చూసి పైసలతో సహా చెప్పేది. ఆమె మీద కథ రాసి ఒక వారపత్రికకు పంపితే, చదువురాని మనిషికి ఇంత గణితం నమ్మేలా లేదని తిప్పి పంపారు. ఆ సంపాదకుడే తర్వాతి నెలలో, దొరికిన దుద్దుకు అంటిన మట్టి వాసన చూసి హంతకుడి ఊరు చెప్పే డిటెక్టివ్ సీరియల్ వేసుకున్నాడు, అది నమ్మేలా ఉందట. చాలా ఏళ్ళకు, 1985లో అచ్చయిన ఒక పరిశోధన గురించి చదివాను. బ్రెజిల్‌లోని రెసీఫె బజార్లలో కొబ్బరికాయలూ అవీ అమ్మే ఐదుగురు పిల్లలు బేరం చేస్తూ వేసిన లెక్కల్లో 98 శాతం ఒప్పు, అలాంటి లెక్కలే వట్టి అంకెలుగా ఇచ్చి చెయ్యమంటే 37 శాతం. ఆ కాగితం కత్తిరించి మేనత్త ఫోటో ఫ్రేము వెనక పెట్టుకున్నాను.

ఇంకోటి. 'బుద్ధి' అనే మాటను అలా ఎలా వాడేశావు? 'బుద్ధిగా ఉండు' అని పిల్లాడికి చెబితే లెక్కలు గబగబా చెయ్యమని కాదు కదా. తూర్పు జాంబియాలో చెవా భాషలో 'ఎన్‌జేలు' అంటారు, చురుకుదనంతో పాటు బాధ్యత కూడా ఉంటేనే ఆ మాట. రాబర్ట్ సెర్పెల్ అనే సైకాలజిస్టు అక్కడి పెద్దలను, ముఖ్యమైన పని మీద పిల్లల్లో ఎవరిని పంపుతారని అడిగాడు. వాళ్ళు ఎంచిన పిల్లలకూ, టెస్టుల్లో మార్కులు వచ్చినవాళ్ళకూ పొంతన కుదరలేదు. మా అమ్మ కూడా అంతే, క్లాసులో ఫస్టు వచ్చే నన్ను కాదని కొట్టుకు మా చెల్లిని పంపేది, చిల్లర తిరిగి తెస్తుందని. ఇంగితం, లౌక్యం, యుక్తి, గడుసుదనం, అతితెలివి అని మనకు ఇన్ని మాటలుండగా ఈమధ్య కథల్లో అన్నిటికీ ఐక్యూ ఒక్కటే దొరుకుతోంది. 1905లో పారిస్‌లో బినే అనే సైకాలజిస్టు ఆ ఐక్యూ పరీక్షలకు మూలమైన పరీక్ష తయారుచేసింది బళ్ళో వెనకబడిన పిల్లలెవరో తెలుసుకుని సాయం చెయ్యడానికి. తెలివి పుట్టుకతో ఎంతో అంతే, పెరగదు అనేవాళ్ళంటే ఆయనకే పడేది కాదు.

ఆ నిట్టూర్పు కొట్టెయ్యి. అలాగని సైకాలజిస్టును మందలో దింపి, తప్పిపోయిన గొర్రె ఏదో చెప్పలేక తెల్లమొహం వేశాడని రాసి చప్పట్లు కొట్టించుకోకు, అదీ సర్టిఫికెట్టే.

కలం పేరు గురించీ, పోటీల గురించీ ఏదో అడిగావు, ఆ పేజీ ఇక్కడే ఎక్కడో పెట్టాను. నాకు కావలసింది ఒకటే. కాపరి కార్డు తిప్పి చూశాడన్నావు, మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. దేనికోసం చూశాడు?

నీ
అన్నలాంటివాడు