సమాధానం: బ్యాచ్ సైజు 1 దగ్గర జీపీయూ సగం ఖాళీగా ఉంటోంది, క్యూడా గ్రాఫ్ పెడితే పాత అవుట్‌పుట్టే వస్తోంది

మీ పైటార్చ్ మోడల్‌లో లేయర్లు బరువైనవి కావు, కెర్నల్స్ (జీపీయూ మీద నడిచే ప్రోగ్రాములు) మరీ చిన్నవి. ఒక్కో కెర్నల్‌ని లాంచ్ చేయడానికి సీపీయూకి కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది, జీపీయూ ఆలోపే పని ముగించి ఎదురుచూస్తుంది. ప్రొఫైలర్ ట్రేస్‌లో కెర్నల్స్ మధ్య కనిపించే ఖాళీలు అవే. క్యూడా గ్రాఫ్ ఈ కెర్నల్స్ వరుసను ఒకసారి రికార్డు చేసుకుని (క్యాప్చర్), తర్వాత మొత్తాన్నీ ఒకే లాంచ్‌తో మళ్లీ నడుపుతుంది (రీప్లే). కాబట్టి గ్రాఫ్ వాడాలన్న మీ ఆలోచన సరైనదే.

1. క్యాప్చర్‌కి ముందు వేరే స్ట్రీమ్‌లో (జీపీయూ పనుల క్యూ) కొన్నిసార్లు వార్మప్ రన్ చేయండి.

2. అసలు చిక్కు ఇక్కడే, చాలామంది వదిలేసేదీ ఇదే. రీప్లే చేసినప్పుడు గ్రాఫ్ క్యాప్చర్ నాటి మెమరీ అడ్రస్‌నే చదువుతుంది. మీరు ప్రతిసారీ కొత్త టెన్సర్ (డేటా ఉండే అర్రే) తయారుచేసి పాత పేరుకే ఇస్తున్నారు. పేరు అదే అయినా అడ్రస్ వేరు. ఇన్‌పుట్ టెన్సర్‌ని ఒక్కసారే సృష్టించి, కొత్త డేటాను కాపీ_ మెథడ్‌తో (చివర అండర్‌స్కోర్ ఉన్నది) అందులోకే నింపండి, ఆ తర్వాతే రీప్లే. అవుట్‌పుట్ కూడా అంతే, తర్వాతి రీప్లే దాన్ని చెరిపేస్తుంది. దాచుకోవాలంటే క్లోన్ చేయండి.

3. మోడల్ ఫార్వర్డ్ ఫంక్షన్‌లో ఐటెమ్ కాల్ (టెన్సర్ విలువను సీపీయూకి తెచ్చేది) ఉంటే తీసేయండి, లేకపోతే క్యాప్చర్ ఫెయిలవుతుంది.

4. ఇన్‌పుట్ షేప్ మారితే ఒక్కో షేప్‌కి ఒక్కో గ్రాఫ్ కావాలి.

ఇదంతా చేత్తో రాయడం ఇష్టం లేకపోతే పైటార్చ్ 2లో టార్చ్ కంపైల్‌ని రెడ్యూస్-ఓవర్‌హెడ్ మోడ్‌లో పెట్టండి, ఇన్‌పుట్ కాపీ అదే చూసుకుంటుంది.