లక్ష మంది ఫాలోవర్లున్నా సరే, ఆధారం అడుగు

తమ్ముడూ,

మూసీ వరద మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇక కింద ఉన్నదంతా సతాయింపే.

హైదరాబాద్ చరిత్ర మీద పోస్టులు పెట్టే ఒకాయన గురించి "ఆయన భలే రాస్తాడన్నా, లక్ష మంది ఫాలోవర్లు, అందుకే ఆయన పోస్టులే ఆధారం చేసుకున్నా" అన్నావు కదా. మరి 1908 వరద తర్వాత మూసీ మీద రెండు జలాశయాలు కట్టారని ఆయన రాస్తే నువ్వు కూడా అలాగే ఎత్తి రాశావు. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, మూసీ మీదే ఉంది, సరే. 1927 నాటి హిమాయత్‌సాగర్ మాత్రం ఈసీ నది మీద ఉంది. అటు బైకేసుకుని తిరిగేవాడివి, ఇది నువ్వే పట్టుకోవాల్సింది. ఎవర్ని నమ్మాలో తెలియనప్పుడు నేను చేసేది ఇదే: నాకు బాగా తెలిసిన సంగతి ఆ మనిషి ఎలా రాశాడో ముందు చూస్తా. అక్కడే తడబడితే నాకు తెలియని చోట ఆయన మాట మీద ఎలా ఆధారపడను?

చార్మినార్ సంగతే చూడు. ప్లేగు పోయినందుకు 1591లో కట్టారని ఒకాయన ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఇంకొకాయన, ప్లేగు కథ ఒకటుంది, హిజ్రీ వెయ్యో సంవత్సరానికి గుర్తుగా కట్టారనే వాదనా ఉంది, ఆ వెయ్యో ఏడు మొదలైంది కూడా 1591లోనే అని రెండూ ముందు పెడతాడు. ఈ రెండో ఆయనకి లైకులు రావు, చదవడానికి కాస్త చప్పగా కూడా ఉంటాడు, అయినా నేను ఆయన్నే వెతుక్కుని చదువుతా.

తప్పు చూపిస్తే ఏం చేస్తాడో కూడా గమనించు. "ఇక్కడ సరిచేశాను" అని రాసేవాడు వేరు, గుట్టుచప్పుడు కాకుండా మార్చేసేవాడు వేరు, "నువ్వెంత చదివావు" అని మీదపడేవాడి గురించి చెప్పక్కర్లేదు. పేరు ముందు డాక్టర్ అని ఉందా, ఆయన షుగర్ గురించి రాస్తే శ్రద్ధగా చదువుతా, కుతుబ్‌షాహీల గురించి రాస్తే మాత్రం ఆధారం అడుగుతా.

ఇక ఆ వరదలో 15 వేల మంది పోయారన్న లెక్క. చాలాచోట్ల కనిపించిందన్నావు. వాటిని పక్కపక్కన పెట్టి చూడు, అన్నిట్లో అదే వాక్యం, అదే అచ్చుతప్పు ఉంటే ఒకడు రాసింది మిగతావాళ్ళు కాపీ కొట్టారన్నమాట. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో ఒక పూట కూర్చో, పాత పుస్తకాలు అడుగు. ఆ అంకె ఎక్కడిదో దొరికితే పక్కనే రాయి. దొరక్కపోతే తీసెయ్, వ్యాసానికేం కాదు. హిమాయత్‌సాగర్ వాక్యం మార్చి మళ్ళీ పంపు.

మీ అన్న