జపాను ఖడ్గాన్ని కానుకగా ఇవ్వాలంటే

ప్రశ్న: ఉద్యోగరీత్యా నేను యొకొహామాలో ఉంటున్నాను. నాకు పని నేర్పిన జపాను అధికారి ఒకరు వచ్చే మార్చి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆయనకు పాత ఖడ్గాలంటే ప్రాణం. మేము కొందరం కలిసి, చేతితో చేసిన అసలైన కటానా, అంటే పొడవైన జపాను ఖడ్గం ఒకటి ఆయనకు కానుకగా ఇవ్వాలనుకుంటున్నాము. ఇంటర్నెట్ వేలంలో ఒక కత్తిని చూశాము. దాని మీద పేరుమోసిన కమ్మరి పేరు చెక్కి ఉంది, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పత్రం కూడా ఉంది, వెల మాత్రం చాలా తక్కువ. కొనవచ్చునా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ కత్తిని కొనవద్దని ముందే గట్టిగా చెబుతున్నాను. రిజిస్ట్రేషన్ పత్రం ఉంది కాబట్టి కత్తి అసలైనదేనని మీరు అనుకుంటున్నారు. కొత్తగా కొనేవారిలో ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. జపానులో తోరొకుషో అని పిలిచే ఆ పత్రాన్ని ఆయా ప్రిఫెక్చర్ల, అంటే మన రాష్ట్రాల వంటి పాలనా విభాగాల, విద్యా మండలి ఇస్తుంది. కత్తి రకం, పొడవు, వంపు, పిడిలోని చీల కోసం తొలిచిన రంధ్రాల సంఖ్య, చెక్కి ఉన్న అక్షరాలు అందులో ఉంటాయి. ఫలానా పేరు చెక్కి ఉందని మాత్రమే అది నమోదు చేస్తుంది, ఆ పేరు గల కమ్మరే దాన్ని చేశాడని హామీ ఇవ్వదు. గొప్ప కమ్మరుల పేర్లను ఇతరుల కత్తుల మీద చెక్కి అమ్మడం జపానులో శతాబ్దాలుగా ఉన్నదే కనుక, పేరు ఎంత పెద్దదైతే అనుమానం అంత ఎక్కువగా ఉండాలి.

కత్తి ఎవరిదో, ఏ కాలానిదో పరీక్షించి చెప్పే పత్రం వేరుగా ఉంటుంది. 1948లో ఏర్పడిన జపాను కళాఖడ్గ పరిరక్షణ సంఘం నిపుణుల చేత పరిశీలింపజేసి, హోజోన్ (పరిరక్షించదగినది), తొకుబెత్సు హోజోన్ (ప్రత్యేకంగా పరిరక్షించదగినది) మొదలైన శ్రేణులలో ఈ పత్రాలను ఇస్తుంది. పాత కత్తి కొనేటట్లయితే రిజిస్ట్రేషన్‌తో పాటు ఈ పత్రం కూడా ఉన్నదే తీసుకోండి. ఈ సంఘపు మ్యూజియం టోక్యోలోని ర్యోగొకులో ఉంది. కొనడానికి ముందు ఒక పూట అక్కడ గడిపితే, మంచి ఉక్కు ఎలా కనబడుతుందో మీ కళ్లకు అలవాటవుతుంది.

దుకాణంలో కత్తిని చూపేటప్పుడు, పిడి విప్పి లోపలి భాగాన్ని చూపమని అడగండి. నకాగో అనే ఆ భాగాన్ని ఎవరూ సానపట్టరు కనుక కత్తి వయసు అక్కడే దాగి ఉంటుంది. వందల ఏళ్ల నకాగో మీద తుప్పు నల్లబడి, లోహంలో ఇంకిపోయి నున్నగా ఉంటుంది. దాని బదులు ఎర్రటి పొడి తుప్పు రేగి ఉన్నా, ఆకురాయి గీతలు నిన్న గీసినట్టు తేటగా ఉన్నా, పాతదన్న మాటను నమ్మకండి. తర్వాత మొనను దీపం వైపు చాచి, వాదర పొడవునా చూపు నడపండి. మట్టి పూసి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచినప్పుడు ఏర్పడే తెల్లటి అలల గీత, అంటే హమోన్, ఆ వెలుగులో ఒక్కసారిగా మెరిసే సన్నని రేణువులుగా విడిపోతుంది. ఆమ్లంతో గీసిన నకిలీ గీత ఏ కోణంలో చూసినా ఒకే రకంగా చప్పగా కనబడుతుంది. చూసేటప్పుడు లోహాన్ని వేళ్లతో తాకకూడదు. చెమట అంటిన చోట తుప్పు పడుతుంది.

మీ సందర్భానికి పాత కటానా కంటే, నేడు జీవించి ఉన్న కమ్మరి చేతి తాంతోను, అంటే 30 సెంటీమీటర్ల లోపు పొట్టి కత్తిని, నేను మేలంటాను. కత్తి కానుక బంధాన్ని తెంచుతుందన్న శంక జపానులో కొందరికి ఉన్నా, రక్షణ కోసం పొట్టి కత్తిని ఇచ్చే సంప్రదాయం అంతకంటే బలమైనది. రాజకుటుంబంలో బిడ్డ పుట్టినప్పుడు చక్రవర్తి నేటికీ అటువంటి కత్తిని పంపుతారు. పైగా చేసిన మనిషి కళ్లెదుట ఉన్నప్పుడు సంతకం గురించి సందేహమే ఉండదు.

ఈ కమ్మరులు కనీసం 5 ఏళ్లు గురువు దగ్గర పనిచేసి, ప్రభుత్వ శిక్షణ పూర్తిచేసి అనుమతి పొందినవారు. నెలకు 60 సెంటీమీటర్లు దాటిన కత్తులైతే రెండు, అంతకంటే పొట్టివైతే మూడు మించి చేయరాదన్న నియమం వారికి ఉంది. వారు వాడే తమహగానే ఉక్కును షిమానే ప్రిఫెక్చర్‌లోని ఒకుఇజుమోలో, చలికాలంలో మాత్రమే, ఇనుప ఇసుకను కట్టెబొగ్గుతో కలిపి మూడు పగళ్లు, మూడు రాత్రులు కొలిమిలో కరిగించి తీస్తారు. కమ్మరి పని ముగిశాక సానపట్టేవారు, ఒర చేసేవారు వేరువేరుగా పనిచేయాలి కనుక, ఇప్పుడు ఆర్డరు ఇస్తే మార్చికి అందడం కష్టం. సిద్ధంగా ఉన్నదాన్నే అడగండి. కొత్త కటానా వెల మామూలుగా 10 లక్షల యెన్‌లు దాటుతుంది, తాంతో అంతకంటే తక్కువలో దొరుకుతుంది. ఇంతమంది చేతుల శ్రమ తెలిశాక, వేలంలోని ఆ చవక ధరను మీరే మరోలా చూస్తారు.

ఒకవేళ ఆయన ఇఆయిదో, అంటే ఒరలోంచి కత్తి దూసే విద్య, సాధన చేసేవారైతే పొడవు, బరువు ఆయన శరీరానికి కుదరాలి కనుక, కానుక రహస్యాన్ని వదులుకుని ఆయననే వెంట తీసుకువెళ్లండి.

చట్టం విషయానికి వస్తే, 1958 నాటి ఆయుధ నియంత్రణ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రం కత్తిని విడిచి ఉండకూడదు. కత్తి చేతులు మారిన 20 రోజులలోపు, కొత్త యజమాని ఆ పత్రాన్ని ఇచ్చిన విద్యా మండలికి తెలియజేయాలి. కాబట్టి దుకాణదారుతో ముందే మాట్లాడి, అలా తెలియజేయడానికి కావలసిన ఫారాన్ని కూడా కానుకతో పాటే ఆయన చేతికి ఇవ్వండి.

ప్రశ్న: జపానులో కొన్న కత్తిని దేశం దాటించవచ్చునా?
– మరొక పాఠకురాలు

జవాబు: దాటించవచ్చును, కానీ జపాను సాంస్కృతిక వ్యవహారాల సంస్థ నుంచి ముందుగా ఎగుమతి అనుమతి తీసుకోవాలి. జాతీయ సంపదగానో, ముఖ్య సాంస్కృతిక ఆస్తిగానో ప్రకటించిన వాటికి ఆ అనుమతి రాదు. దేశం దాటేటప్పుడు రిజిస్ట్రేషన్ పత్రాన్ని తిరిగి అప్పగించవలసి ఉంటుంది కనుక, అప్పగించే ముందు దాని నకలు తీసి ఉంచుకోండి. చేరే దేశపు కస్టమ్స్ నియమాలను డబ్బు కట్టక ముందే విచారించండి.